గడపకు అభ్యంతరం లేదు

మా నగర పాలక సంస్థలో నేను చాలా ఏళ్లు జనన మరణాల విభాగంలో పని చేశాను. అంత ప్రశాంతమైన విభాగం మరొకటి లేదు. పుట్టేవాళ్లనీ పోయేవాళ్లనీ ముందుగా అభిప్రాయం అడగాలని ఏ కమిషనరుకూ తోచలేదు. చక్రపాణి గారికి తోచేదేమో గాని, ఆయన వస్తూనే నన్ను అక్కణ్ణించి తీసి, కొత్తగా పెట్టిన ప్రజాభిప్రాయ విభాగానికి సూపరింటెండెంటును చేశారు.

చక్రపాణి గారు మా కొత్త కమిషనరు. ఎక్కడో కొండ మీద రిసార్టులో జరిగిన సెమినారుకు వెళ్లి, నగరాన్ని అధికారులు కట్టకూడదు, ప్రజల మాట ప్రకారం కట్టాలి అనే జ్ఞానంతో కిందికి దిగారు. మర్నాటికల్లా ఆఫీసు గోడల నిండా ‘మీ ఇల్లు, మీ మాట’ అనే పోస్టర్లు వెలిశాయి. వాటి పక్కనే ‘అనుమతి లేనిదే లోనికి రారాదు’ అనే పాత బోర్డు కూడా ఉంది. దాన్ని తియ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరూ తియ్యలేదు.

ఆ జ్ఞానాన్ని ప్రయోగించడానికి పేదల ఇళ్ల పథకం దొరికింది. కాలవ వెడల్పు చెయ్యాలి. అందుకు గట్టు మీద గుడిసెలు తీసెయ్యాలి. ఆ గుడిసెల వాళ్లకి సుఖజీవన్ నగర్ ఎదురుగా ఉన్న మున్సిపల్ మైదానంలో ఇళ్లు కట్టివ్వాలి. వానలు పడే లోపు కట్టకపోతే ఆ జనం గతి ఏమిటో చెప్పడానికి సెమినారు అక్కర్లేదు. పాత పద్ధతిలో అయితే గోడలు లేచిపోయేవే. చక్రపాణి గారు ‘ఏకాభిప్రాయ గృహ విధానం’ తెచ్చారు. ఇంటి నమూనాను పౌరుల ముందు పెట్టాలి. ఏ భాగానికైనా ఒక్క పౌరుడు అభ్యంతరం చెప్పినా ఆ భాగాన్ని తొలగించాలి. అందరూ ఒప్పుకున్నదే కట్టాలి.

“ఇక మీదట ఈ నగరంలో ఎవరి మనసూ నొప్పించకుండా నిర్మాణం జరుగుతుంది సూపరింటెండెంటు గారూ. సమ్మిళిత, సమన్విత, సహభాగస్వామ్య నిర్మాణం!” అన్నారాయన. నేను మూడూ రాసుకున్నాను.

ఆ ఊపులోనే ఆయన ‘ఈ విధానము నగరమందలి సమస్త నూతన గృహ నిర్మాణములకును వర్తించును’ అని ఒక వాక్యం చివర కలపమన్నారు. నేనే దగ్గరుండి టైపు చేయించాను. అప్పుడు మా ఇద్దరికీ అది అందమైన వాక్యంలాగే కనిపించింది.

పౌరుడంటే ఎవరో కూడా తేల్చాం. స్థలం చుట్టుపక్కల ఉంటూ, సొంత డోరు నంబరు ఉన్నవారు పౌరులు. అభిప్రాయానికి ఒక చిరునామా ఉండాలి కదా.

మొదటి సభ నాడు కల్యాణ మండపం గుమ్మంలో బల్ల వేసుకుని డోరు నంబర్లు చూస్తూ కూర్చున్నాను. చేపల గంప పక్కన దింపి, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ ఒకావిడ వచ్చింది. గంటా నూకరత్నం. కాలవ గట్టు మనిషి. సుఖజీవన్ నగర్లో చేపలు అమ్ముతుంది. ఆవిడ కేక వీధి చివర వినిపిస్తే ఈ చివర పిల్లులు లేచి కూర్చుంటాయి.

“ఏవండి బాబూ, మా ఇళ్ల గురించి మీటింగంట కదండీ. లోపలికెళ్లాలండి,” అంది.

“డోరు నంబరు ఎంతమ్మా?”

“గుడిసెకి డోరే లేదండి. గోనెపట్టా కట్టాం. దానికి నెంబరేటండి?”

“డోరు నంబరు లేనివాళ్లు అభిప్రాయం చెప్పడానికి లేదమ్మా. రూలు.”

“మరి గుడిసె ఖాళీ చెయ్యమని నోటీసు ఎలా అంటించారండి? ‘లాకుల దగ్గర మూడో తాడిచెట్టు కింద గుడిసె’ అని రాసుకుని మరీ ఒచ్చారు!”

నోటీసుకు తాడిచెట్టు చాలునని, అభిప్రాయానికి చాలదని నేను వివరంగా చెప్పాను. ఆవిడ నన్ను మెత్తబడిన చేపను చూసినట్టు చూసింది.

“పోన్లెండి. మీరైనా ఓ మాట చెప్పండి. వానొచ్చేలోగా నాలుగు గోడలూ, పైన కప్పూ ఏస్తే సాలండి. మా మావకి ఉబ్బసం. తడిస్తే మనిషి మనిషిలా ఉండడు,” అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. మావంటే మొగుడు. చెబుదామనే అనుకున్నాను. కాని నా డోరు నంబరు వేరే వార్డులో ఉంది.

లోపల పెసరట్టు ఉప్మా అయ్యాక సభ మొదలైంది. కన్సల్టెంటు కుర్రాడు తెర మీద ఇంటి బొమ్మ వేశాడు. ఒక గది, వంటిల్లు, స్నానాల గది, రెండు కిటికీలు, ముందు చిన్న అరుగు. బొమ్మలో అరుగు మీద ఒక అమ్మాయి ముగ్గు వేస్తోంది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత సుఖజీవన్ నగర్ సంక్షేమ సంఘం అధ్యక్షులు, రిటైర్డ్ ఇంజనీరు పద్మనాభయ్య గారు లేచారు.

“పేదలకు ఇళ్లు ఇవ్వాలన్నది మా అందరి కోరిక. ఇది అందరూ గమనించాలి. అయితే ఆ కిటికీలు మా ఇళ్ల వైపు ఉన్నాయి. ఆడపిల్లలున్న ఇళ్లు మావి.”

కన్సల్టెంటు వెంటనే కిటికీలను రెండో వైపుకు తిప్పాడు. అటువైపు మేం పొద్దున్నే నడక నడుస్తాం, మమ్మల్ని చూస్తారు అని సంఘం మహిళా విభాగం వారు అన్నారు. కిటికీలు తొలగించబడ్డాయి.

“ఆ వంటిల్లు ఒకటి,” అన్నారు పద్మనాభయ్య గారు. “వాళ్లంతా చేపలు వండుకునేవాళ్లు. మేం తినమని కాదు, ఆదివారం ఆదివారం మా ఇంట్లోనూ కొరమేను ఉండాల్సిందే. కాని రోజూ ఆ వాసనంటే కష్టం కదండీ.”

ఆ కొరమేనును ఆయనకు అమ్మేది నూకరత్నమే. వాసన వంటింట్లో పడదని, గుమ్మం బయటే శుభ్రం చేయించుకుంటారు కూడా. అయినా అభ్యంతరం అభ్యంతరమే. వంటిల్లు పోయింది.

“చూశారా!” అన్నారు కమిషనరు గారు నా చెవిలో. “ఇదీ వినే నగరం అంటే!”

రెండో సభలో స్నానాల గది చర్చకు వచ్చింది. దాన్ని ఏ మూల పెట్టినా ఎవరో ఒకరి ఇంటికి అది ఈశాన్యం అవుతోంది. మా నగరంలో వాస్తు తెలియని మనిషి పుట్టలేదు. జనన రికార్డులు చూసిన వాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఒకాయన ఏకంగా దిక్సూచి పట్టుకొచ్చాడు. కన్సల్టెంటు ఆ గదిని మూలమూలకూ జరిపి జరిపి, చివరికి చెయ్యి నొప్పి పుట్టి తుడిచేశాడు.

తర్వాత కప్పు. అది లేస్తే ఉదయం పూట తమ డాబాల మీద నీడ పడుతుందని, ఊరగాయ మామిడి ముక్కలు, గుమ్మడి వడియాలు ఎండవని మహిళా విభాగం వారు కన్నీళ్లు పెట్టుకున్నారు. వైశాఖ మాసం అది, ఇంటింటా జాడీలు తయారుగా ఉన్న రోజులు. కప్పు తీసెయ్యడానికి పెద్దగా చర్చ జరగలేదు.

కప్పు లేని గోడలు తెర మీద మిగిలాయి. పాడుపడిన కొంపలా ఉంది, మా ఇళ్లకు అద్దెకొచ్చేవాళ్లు బెదిరిపోతారని ఒకరన్నారు. గోడలుంటే సినిమా పోస్టర్లు అంటిస్తారని మరొకరు. గోడ కనిపిస్తే మగాళ్లు ఆగకుండా ఉండరని ఇంకొకావిడ అన్నప్పుడు సభలోని మగాళ్లందరూ పైన ఫ్యాన్ల వంక చూశారు. గోడలు పోయాయి. గచ్చూ అరుగూ మాత్రమే మిగిలితే కుక్కలు పడుకుంటాయని అవీ తీసేశారు.

తెర దాదాపు తెల్లగా అయింది. కన్సల్టెంటు బిక్కమొహం వేసి కమిషనరు గారి వైపు చూశాడు. ఆయన మాత్రం చెదరలేదు.

“ఏకాభిప్రాయం అనేది నిదానంగా పండే ఫలం. ఆలోచించండి. మనం అందరం ఒప్పుకోగలిగినది ఏదో ఒకటి ఇంట్లో ఉండే ఉంటుంది!”

అప్పుడు పద్మనాభయ్య గారు మళ్లీ లేచారు. “ఒకటి ఉంది. ద్వారబంధం. గడప. మంచి ముహూర్తం చూసి, కింద నవధాన్యాలు వేసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, తూర్పు ముఖంగా ద్వారబంధం నిలబెట్టామంటే ఇల్లు సగం అయిపోయినట్టే. గడప అంటే సాక్షాత్తూ లక్ష్మీదేవి. గడప వద్దనేవాడు తెలుగువాడేనా?”

వద్దనేవాడు నిజంగానే లేడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మహిళా విభాగం వారు మళ్లీ కళ్లు తుడుచుకున్నారు. తెర మీద ఒక్క ద్వారబంధం, తూర్పు చూస్తూ, నిలబడింది. ముగ్గు వేసే అమ్మాయిని తుడవడం కన్సల్టెంటు మరిచిపోయాడు. గుమ్మం ముందు ఆమె అలాగే వంగి ముగ్గు వేస్తోంది.

జ్యేష్ఠ మాసంలో ముహూర్తం కుదిరింది. మైదానం నిండా వరసలు వరసలుగా ద్వారబంధాలు లేచాయి. ప్రతి దానికీ పసుపు, కుంకుమ, మామిడి తోరణం. డోరు నంబరు లేనిది ఇల్లు లెక్కలోకి రాదు కాబట్టి, ఇళ్లు పూర్తయ్యాయని పైకి రాయడానికి, ఒక్కో దానికీ నంబరు రేకు కొట్టించాం. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, గడప దాటి, అవతల ఖాళీ నేల మీదికి దిగి, ఎటు వెళ్లాలో తెలియక కాసేపు నిలబడి, మళ్లీ గడప దాటి వచ్చేశారు. మా నగరానికి ‘ఉత్తమ ఏకాభిప్రాయ నగరం’ అవార్డు ప్రకటించారు.

నూకరత్నం తన ద్వారబంధం ముందు నిలబడింది. అటు దాటింది, ఇటు దాటింది. మళ్లీ అటు దాటింది.

“బాబూ, ఇప్పుడు నేను లోపలున్నానా, బయటున్నానా అండి?”

నేను కమిషనరు గారి వైపు చూశాను. ఆయన దగ్గర జవాబు ఉంది. “లోపల అనేది ఒక భావన అమ్మా. ఇంటిని దశలవారీగా అనుభూతి చెందాలి.”

“అనుభూతికి గొళ్లెం ఎక్కడెట్టారండి?” అంది నూకరత్నం.

అదే వారం గుడిసెలు తీసేశారు. ‘ప్రత్యామ్నాయ వసతి కల్పించబడినది’ అని కాగితం మీద ఉంది మరి. గట్టు జనం మూటలు నెత్తిన పెట్టుకుని మైదానానికి వచ్చారు. మరో రెండ్రోజులకు వాన మొదలైంది. ద్వారబంధాలకు పట్టాలు, పాత చీరలు, ఫ్లెక్సీలు కట్టుకుని వాటి వెనక చేరారు. నూకరత్నం గుమ్మానికి కట్టిన ఫ్లెక్సీ మీద చక్రపాణి గారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. దాని కింద ఆవిడ మొగుడు అప్పలస్వామి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని దగ్గుతున్నాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. మనుషులు తడుస్తుంటే పసుపు రాసిన కొయ్య చూపించి అవార్డు తెచ్చుకున్న ఆఫీసు నాది. ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాను. అప్పుడే బల్ల మీదికి పద్మనాభయ్య గారి దరఖాస్తు వచ్చింది.

ఆయన డాబా మీద పై అంతస్తు వేసుకోదలిచారు. అద్దెకిచ్చుకోవడానికి మూడు గదుల పోర్షను. శ్రావణంలో ముహూర్తం. అది దాటితే మళ్లీ రెండేళ్ల దాకా ఆయన పేరుకు కుదరదని సిద్ధాంతి చెప్పాడట. ప్లాను బావుంది. నేను అందమైన ఆ పాత వాక్యాన్ని ఇంకోసారి చదువుకున్నాను. సమస్త నూతన గృహ నిర్మాణములకును వర్తించును. చుట్టుపక్కల డోరు నంబరు ఉన్న పౌరులందరినీ సభకు పిలుస్తూ నోటీసులు తయారు చేయించాను. మైదానంలో ప్రతి ద్వారబంధానికీ ఒకటి స్వయంగా అంటించాను. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు.

మూడో సభకు కల్యాణ మండపం చాల్లేదు. కాలవ గట్టు జనం అందరూ స్నానాలు చేసి, ఉన్న వాటిలో మంచివి కట్టుకుని వచ్చారు. నేను బల్ల దగ్గర కూర్చుని డోరు నంబరు అడిగితే, నూకరత్నం చెప్పడంతో ఆగలేదు. వచ్చిన వాళ్లందరికీ వినిపించేలా వీధిలో చేపలమ్మినట్టు అరిచింది. ముందు పెసరట్లు అయిపోయాయి. తర్వాత ఉప్మా కూడా అయిపోయింది. సుఖజీవన్ నగర్ వారికి కాఫీ ఒక్కటే దక్కింది.

తెర మీద పద్మనాభయ్య గారి పై అంతస్తు బొమ్మ వేశారు. కమిషనరు గారు ఏమీ జరగబోదన్న నమ్మకంతో “అభ్యంతరాలుంటే...” అన్నారు.

నూకరత్నం లేచింది. “పెద్దాయన ఇల్లు కట్టుకోవాలన్నది మా అందరి కోరికండి. ఇది అందరూ గమనించాలండి. కాపోతే ఆ కిటికీలు మా ఇళ్లేపున్నాయండి. మాకు గోడలు కూడా లేవండి. పైనించి చూస్తే అంతా అగుపడిపోద్ది. ఆడపిల్లలున్న ఇళ్లండి మావి.”

కన్సల్టెంటు కమిషనరు గారి వైపు చూశాడు. కమిషనరు గారు నా వైపు చూశారు. నేను రూలు చదివాను. కిటికీలు పోయాయి.

అప్పలస్వామి దగ్గుకుంటూ లేచాడు. “వంటిల్లండి. పోపు ఘాటు నా ఉబ్బసానికి పడదండి, ఆయ్.” వంటిల్లు పోయింది. కప్పు లేస్తే మా మీద ఎండ పడదు, తడిసిన పట్టాలు ఆరవు అని ఇంకొకరు. గోడల విషయంలో పోస్టర్ల దగ్గర్నించి మగాళ్ల దాకా అన్ని కారణాలూ వాళ్లకు కంఠతా వచ్చేశాయి. సుఖజీవన్ నగర్ ఇళ్లలో పని చేసే ఆడవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు, ఆ ఇళ్లలో వినని కబురు ఉంటుందా! స్నానాల గది దగ్గరికి వచ్చేసరికి దిక్సూచి తెచ్చిన పెద్దమనిషి అలవాటు కొద్దీ దాన్ని బయటికి తీసి, ఈశాన్యం ఎటో కాలవ గట్టు వాళ్లకు చూపించాడు. పద్మనాభయ్య గారు ఆయన వంక చూసిన చూపుకు దిక్సూచి మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది.

“ఇది అన్యాయం!” అన్నారు పద్మనాభయ్య గారు. “నా స్థలం, నా డబ్బు. నేనేం కట్టుకోవాలో వీళ్లెవరు చెప్పడానికి? ఇక అక్కడ ఏం మిగిలింది?”

“గడపండి,” అంది నూకరత్నం. “గడపకి మాకేం అభ్యంతరం లేదండి. లచ్చిందేవని తమరే అన్నారంట కదండీ. నిక్షేపంలా నిలబెట్టుకోండి.”

ఎవరో ఫక్కుమన్నారు. తర్వాత మండపం మొత్తం నవ్వింది. మహిళా విభాగం వారు మళ్లీ కళ్లు తుడుచుకున్నారు గాని, ఈసారి నవ్వి నవ్వి.

ఆ సాయంత్రమే కమిషనరు గారు విధానాన్ని రద్దు చెయ్యమన్నారు. రద్దు చెయ్యడమూ విధానంలో మార్పే కనుక దానికీ ఏకాభిప్రాయం ఉండాలని నేను వినయంగా మనవి చేసుకున్నాను. ఆయన నన్ను చాలాసేపు చూశారు. నన్ను ఎక్కడికి బదిలీ చెయ్యాలా అని ఆలోచిస్తున్నారని తెలిసింది. కాని ముందు గట్టు జనం ఒప్పుదల కోసం మైదానానికి వెళ్లక తప్పలేదు.

సన్నగా జల్లు పడుతోంది. ఆయన నూకరత్నం ఫ్లెక్సీ పక్కనించి దూరి లోపలికి వెళ్లబోయారు.

“గుమ్మంలోంచి రండి బాబూ,” అంది ఆవిడ. “అందరూ ఒప్పుకుని కట్టింది అదొక్కటే.”

ఆయన బూట్లు విప్పి, గడప తొక్కకుండా దాటి, తన ఫ్లెక్సీ కింద తలొంచుకుని నిలబడ్డారు. పక్కనే అప్పలస్వామి దగ్గుతూనే ఉన్నాడు.

“ఏం కావాలమ్మా మీకు?” అన్నారు చివరికి. పథకం మొదలైనప్పటినుంచి కాలవ గట్టు మనిషిని ఆ మాట అడగడం అదే మొదలు.

“నాలుగు గోడలండి. పైన కప్పు. అది లేచేదాకా మేం రద్దుకి ఒప్పుకోమండి.”

“సరే. ఆషాఢం వెళ్లనివ్వండి, మంచి రోజు చూసి...”

“వానకి ఆషాఢం లేదు కదండీ.”

మర్నాడే పని మొదలైంది. ఊళ్లో తాపీమేస్త్రీలందరినీ అక్కడికే తోలారు. ఎవరినీ ఏమీ అడగలేదు. గోడలు లేచాయి, కప్పులు పడ్డాయి, కన్సల్టెంటు పాత బొమ్మలో ఉన్న కిటికీలూ వంటిల్లూ స్నానాల గదీ అన్నీ వచ్చాయి. ద్వారబంధాలు ముందే ఉన్నాయి కాబట్టి ఆ పని కలిసొచ్చిందని కమిషనరు గారు పైకి రాశారు. ‘తలుపు ముందు, ఇల్లు తరువాత’ అనే ఈ కొత్త పద్ధతి గురించి మాట్లాడటానికి ఆయన్ను మళ్లీ ఏదో కొండ మీదికి పిలిచారు. అందరూ ఒప్పుకుని విధానం రద్దు చేశాక నన్ను జనన మరణాలకు పంపేశారు. నాకు కావలసిందీ అదే.

శ్రావణంలో నూకరత్నం ఇంటి గృహప్రవేశానికి వెళ్లాను. పాలు పొంగించిన మర్నాడు భోజనానికి రమ్మంటే మళ్లీ వెళ్లాను. అప్పలస్వామి లోపల మంచం మీద కూర్చుని, కప్పు మీద వాన చప్పుడు వింటూ, దగ్గకుండా నాకు కాలవ కబుర్లు చెప్పాడు. పొయ్యి మీద కొరమేను పులుసు కుతకుతలాడుతోంది.

వంటింటి కిటికీలోంచి పద్మనాభయ్య గారి డాబా కనిపించింది. ముహూర్తం దాటిపోకూడదని ఆయన ద్వారబంధం నిలబెట్టేశారు. గోడలు కట్టడానికి మేస్త్రీలు దొరకలేదు. వాళ్లంతా మైదానం పని మీదే ఉన్నారు. డాబా మధ్యన తోరణం కట్టిన ఆ ఒక్క ద్వారబంధం, దాని నడుమ గొడుగు పట్టుకుని ఆయన. ముక్కు పైకెత్తి మా వైపే వాసన పీల్చుతున్నారు.

“నూకరత్నం! కొరమేనేనా అది?” అని కేకేశారు.

“అవునండి! వాసనకి అభ్యంతరవేవైనా ఉందేటండి?”

ఆయన మరోసారి వాసన పీల్చారు. “లేదు లేదు, అభ్యంతరం ఏం లేదు. గిన్నె పంపించనా?”

“అభ్యంతరం లేపోతే చాల్లెండి,” అంటూ నూకరత్నం కిటికీ రెక్కలు రెండూ లాగి గడియ పెట్టింది. పెట్టాక, అది సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికని, గడియ తీసి మళ్లీ పెట్టింది.